నీళ్లకింద బావమరిది

సర్కారు ఉత్తర్వులు కాగితం మీద పుడతాయనుకునేవాళ్లు అమాయకులు. అవి టీ గ్లాసు దగ్గర పుడతాయి, కాగితం మీద బారసాల చేసుకుంటాయి. గంగడపాలెం ఉత్తర్వు కూడా అలాగే పుట్టింది. ఆ పూట టీ తాగినవాడు పైఅధికారి, కథ చెప్పినవాడు కొర్లయ్య, మధ్యలో మోగింది ఫోను. ఆ ఫోను ఇంకో పావుగంట ఆగి మోగుంటే దానయ్యకి నలభై ఆరో ఏట పెళ్లయ్యేది కాదు.

కొర్లయ్యది సముద్రం ఒడ్డు పుటక. ఐదో తరగతిలో పన్నెండో ఎక్కం దగ్గర మాస్టారికీ తనకీ మాటతేడా వచ్చి బడి మానేశాడు. వలలు రాళ్లకి చిక్కుకుంటే మునిగి విడిపించడం అతని పని. చెవుల్లో ఒకటి ఆ పనికే సమర్పించాడు. తర్వాత గంగడపాలెం ఒడ్డున ‘సాగరగర్భ విహార సంస్థ’ వెలిసింది. పట్నం నుంచి వచ్చినవాళ్లకి వీపున సిలిండరు కట్టి, నోట్లో గొట్టం పెట్టి, సముద్రం అడుగుకి తీసుకెళ్లి చేపల్ని చూపించడం ఆ సంస్థ పని. కొర్లయ్య తండ్రి చేపల్ని పైకి తెచ్చి మనుషులకి చూపించేవాడు. కొడుకు మనుషుల్ని కిందికి తీసుకెళ్లి చేపలకి చూపించే ఉద్యోగంలో చేరాడు. అభివృద్ధి అంటే అదే కాబోలు.

నీళ్లకింద ఒక కట్టుబాటు ఉంది. ఒంటరిగా మునగకూడదు. జతగానే మునగాలి. ఒకడికి గాలి అయిపోతే రెండోవాడు తన సిలిండరుకున్న రెండో గొట్టం, పసుపుపచ్చది, వాడి నోటికి అందించాలి. పదకొండేళ్లుగా కొర్లయ్యకి జత దానయ్య. ఆ ఇద్దరికీ నీళ్లలో సైగలు కూడా అక్కర్లేదు. ఒకడి బుడగల తీరు చూసి రెండోవాడికి వాడు పొద్దున్న ఏం తిన్నాడో కూడా తెలిసిపోయేది.

ఇంతలో ఎక్కడో, మనది కాని సముద్రంలో, ఒక విహారి మునిగిపోతుంటే మిగతావాళ్లు చుట్టూ చేరి వీడియో తీశారని వార్త వచ్చింది. రాజధాని నుంచి ప్రశ్న దిగింది: ‘నీటి అడుగున ఆపదలో ఉన్న తోటి విహారిని ఆదుకొను బాధ్యత ఎవరిది? వారంలోగా విధానము పంపవలెను.’

సంస్థ సంచాలకులు పరంధామంగారు బుర్ర పట్టుకున్నారు. ఆయన గొప్ప విద్వాంసుడు, సముద్రాన్ని మాత్రం కిటికీలోంచే చూశారు. టీ తెప్పించుకుని, కొర్లయ్యని పిలిపించుకుని, “మీ పూర్వీకులు ఏం చేసేవారయ్యా?” అని అడిగారు.

“మా తాతల నాడు సిలిండర్లేటి బాబూ. నడుంకి తాడు కట్టుకుని ములిగిపోడమే. తాడు రెండో కొస తెప్ప మీదున్నోడి సేతిలో ఉంటది. మూడుసార్లు గుంజితే పైకి లాగెయ్యాల. తాడట్టుకున్నోడు ఎవుడో తెల్సా? బామ్మర్ది. ఇంకెవుడికీ ఇచ్చీవోరు కాదు. ఆడు తాడు వొగ్గేస్తే ఆడి అప్ప మెళ్లో తాడు తెగిపోద్ది గదా. అందుకని ఆడు సచ్చినా వొగ్గడు.”

పరంధామంగారు గ్లాసు కింద పెట్టారు. “అద్భుతం! మన ప్రాచీనులు... కొర్లయ్యా, నీ నోట ఒక వ్యవస్థ పలికిందయ్యా!”

“అది కాదు బాబూ, ఇంకా ఉంది. నా పెళ్లయిన కొత్తల్లో మా సింహాచలం నా తాడట్టుకుని...”

అప్పుడు మోగింది ఫోను. పరంధామంగారు లేచి నిలబడి మాట్లాడారంటే అవతల పెద్దవాళ్లే. మాట్లాడుతూ గదిలోంచి వెళ్లిపోయారు. మిగతా సగం కథ కొర్లయ్య నోట్లోనే ఉండిపోయింది. టీ తాగేసి వచ్చేశాడు.

నాలుగో రోజు ఉత్తర్వు గోడెక్కింది.

‘విషయము: నీటి అడుగున ఆదుకొను బాధ్యత – బావమరిది విధానము – అమలు గురించి. బావమరిది బతక గోరును, దాయాది చావ గోరును అను ఆర్యోక్తిని సంస్థ కూలంకషముగా పరిశీలించినది. ఇకమీదట ప్రతి విహారియు, సిబ్బందియు తన బావమరిదితో మాత్రమే జతగా మునగవలెను. బావమరిది కానివారు ఆపదలో నున్న విహారిని పట్టుకొనుట, లాగుట, గాలి నొసగుట నిషేధము. అట్టివారు యథాస్థానమున నిలిచి చింతింపవచ్చును.’

దానయ్య కూడబలుక్కుని చదివి, “అన్నా, నానేటి సెయ్యాల?” అన్నాడు.

“సింతించాల,” అన్నాడు కొర్లయ్య.

మర్నాటి నుంచి టిక్కెట్ల కిటికీ దగ్గర సూపరింటెండెంటు భూషణరావు కూర్చున్నాడు. నిబంధన అంటే ఆయనకి ప్రాణం. ప్రాణానికీ నిబంధనకీ పేచీ వస్తే ప్రాణాన్నే వివరణ అడిగే మనిషి. తహసీల్దారు ఇచ్చిన ‘బావమరిదిత్వ ధ్రువపత్రం’ చూపిస్తేనే టిక్కెట్టు. హైదరాబాదు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు.

“మాకింకా పెళ్లిళ్లు కాలేదు సార్. ఫ్రెండ్సుమి.”

“చేసుకుని రండి. సీజను మార్చి దాకా ఉంటుంది.”

“పోనీ మా చెల్లిని వీడికిస్తే?”

భూషణరావు కళ్లజోడు సర్దుకున్నాడు. “ఈయన మునిగితే మీరు కాపాడవచ్చు. మీరు మునిగితే ఈయన చింతించాలి. ఇద్దరూ బతకాలంటే కుండమార్పిడి చేసుకోండి. వారి చెల్లెల్ని మీరు, మీ చెల్లెల్ని వారు.”

“నాకు చెల్లెలు లేదు సార్,” అన్నాడు రెండోవాడు.

“అది సంస్థ పరిధిలోకి రాదు.”

ఇలాంటి గొడవలు ఎక్కువై, బావ అయినా బావమరిది అయినా ఇరువైపులా చెల్లుతుందని సవరణ వచ్చింది. ఆడవాళ్ల సంగతి తేల్చడానికి ఉపసంఘం వేశారు. వదిన–ఆడపడుచు జతగా మునగవచ్చని ఉపసంఘం సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమల్లోకి వచ్చాక తన గాలి గొట్టాన్ని ఆడపడుచు చేతిలో పెట్టడానికి ఒక్క వదినైనా ముందుకి రాలేదు. ‘మహిళలలో సాగర విహారాసక్తి సన్నగిల్లినది’ అని నివేదిక వెళ్లింది.

విదేశాల నుంచి వచ్చిన ఒక తెల్లాయనకి బావమరిది అంటే ఏమిటో భూషణరావు గంటసేపు బొమ్మ గీసి చెప్పాడు. తెల్లాయన ఆ బొమ్మ మడిచి జేబులో పెట్టుకుని, పెళ్లాన్ని అడిగి వస్తానని వాళ్ల దేశం వెళ్లిపోయాడు.

నవ్వుకోడానికి ఇవన్నీ బాగానే ఉన్నాయి. కొర్లయ్యకి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అతనికి నిజంగానే ఒక బావమరిది ఉన్నాడు.

సింహాచలం కొర్లయ్య భార్య నూకాలుకి తమ్ముడు. గంగపుత్రుడై పుట్టి గంగలో మునగాలంటే వణికే రకం. ఒడ్డున నిలబడి సముద్రాన్ని తిట్టడంలో మాత్రం వాడికి సాటి లేదు. సంస్థ వాడిని పిలిచి, నీలం చొక్కా ఇచ్చి, కొర్లయ్యకి జత చేసింది. జత చేసే ముందు నిబంధన ప్రకారం ‘ప్రేమ పరీక్ష’ జరిపారు.

“మీ బావగారు బతకాలని మీరు కోరుకుంటున్నారా?” అని అడిగాడు భూషణరావు.

“నాకేటి బాబూ? బతికితే బతకమను.”

‘అభ్యంతరము లేదన్నారు’ అని రాసుకున్నారు.

మొదటి రోజు ఏడు మీటర్ల లోతులో సింహాచలానికి, బెదిరితే బుడగలా ఉబ్బే బొంక చేప ఒకటి ఎదురొచ్చింది. దాన్ని పైన వేలసార్లు చూశాడు, కానీ దాని ఇంటికెళ్లి చూడటం అదే మొదలు. వీణ్ని చూసి చేప ఉబ్బింది. చేపని చూసి వీడు ఉబ్బాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ కొర్లయ్య మాస్కు పీకి, నోట్లో గొట్టం లాగి, మెడ కావలించుకున్నాడు. బావమరిది ప్రేమ అంటే ఎలా ఉంటుందో కొర్లయ్యకి ఏడు మీటర్ల లోతున తెలిసొచ్చింది.

పైన సంస్థ బోటులో దానయ్య కూర్చుని ఉన్నాడు. బుడగలు చెల్లాచెదురుగా లేవడం చూసి ఒక్క ఉదుటున లేచాడు.

“అన్న కొట్టుమిట్టాడుతున్నాడు బాబూ, దూకుతాను!”

పక్కనే పర్యవేక్షణలో ఉన్న భూషణరావు ఫైలు మీంచి తలెత్తాడు. “ఆగు. నువ్వు ఆయనకి ఏమవుతావు?”

దానయ్య నోరు తెరిచాడు. పదకొండేళ్లు ఒకే నీళ్లలో ఊపిరి పీల్చినవాణ్ణి ఏమంటారో వాడికి తెలియలేదు.

“ఏటీ అవను బాబూ.”

“అయితే కూర్చో.”

దానయ్య కూర్చోలేదు. అంచు మీద కాలు వేసేలోగా కొర్లయ్య తల నీళ్లపైకి వచ్చింది. ముక్కులోంచి నెత్తురు, చంకలో బావమరిది. సింహాచలాన్ని బోటులోకి విసిరేసి, అంచు పట్టుకుని రొప్పుతూ దానయ్య వంక చూశాడు.

“ఒరే దానిగా,” అన్నాడు ఊపిరి అందాక. “నువ్వు నాకు ఏటన్నా అవ్వాల్రా. లేపోతే నాను సచ్చిపోతాను.”

ఆ సాయంత్రం ఇద్దరూ పోలమ్మ దగ్గరికి వెళ్లారు. పోలమ్మ కొర్లయ్య చెల్లెలు. మొగుడు పోయి తొమ్మిదేళ్లు. ఎండుచేపల గంప నెత్తినెట్టుకుని మూడూళ్లు తిరుగుతుంది. ఆమె నోటికి జడిసి బస్సు కండక్టరు గంపకి టిక్కెట్టు అడగడు. వీళ్లు వెళ్లేసరికి ఇసకలో ఆరేసిన కవళ్ల చేపలు తిరగేస్తూ ఉంది.

“పోలీ,” అన్నాడు కొర్లయ్య. “ఈ దానిగాణ్ణి సేసుకుంటావేటే?”

ఆమె చేప తిరగేయడం ఆపలేదు. “ఎందుకు?”

“సర్కులరొచ్చింది.”

“ఓలమ్మో! మారుమనువుకి కూడా సర్కులర్లొత్తన్నాయేటి?”

కొర్లయ్య విషయం చెప్పాడు. బావ అయితేగానీ దానయ్య తనని ముట్టుకోకూడదనీ, సింహాచలంతో ఇంకో నాలుగు మునకలు వేస్తే నూకాలు బొట్టు పోగొట్టుకుంటుందనీ అన్నాడు. పోలమ్మ అంతా విని దానయ్య వైపు తిరిగింది. వాడు భుజం మీద తువ్వాలు మెలితిప్పుతూ దూరంగా నిలబడ్డాడు.

“నీకేటి, నోరు సముద్రంలో వొగ్గీసొచ్చినావా? ఎనిమిదేళ్ల బట్టి మా ఇంట్లో కూడు తిని సెయ్యి కడుక్కుని పోతన్నావు. కూర బాగుందని ఒక్కనాడు అన్నావా? ఇప్పుడు మా యన్న సేత అడిగిత్తన్నావు, మా యన్న సేత సర్కారు అడిగిత్తంది. ఏరా, నీకేటీ నేదా అడగడానికి?”

దానయ్య ఇసకవైపు చూశాడు. “సర్కులరు... సాకు,” అన్నాడు.

పోలమ్మ చేతిలో చేప కింద పెట్టింది.

“కూర బాగుందా?” అంది.

“బాగుంది. ఉప్పు ఎక్కువేస్తావు.”

“అద్గదీ. ఇప్పుడు మొగుడిలాగ మాటాడినావు.”

పది రోజుల్లో పెళ్లైపోయింది. దానయ్య బావమరిదిత్వ ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసుకి వెళ్తే, పెళ్లి ఫోటోలో బావమరిది మొహం స్పష్టంగా లేదని తిప్పి పంపారు. మళ్లీ తలంబ్రాలు తెచ్చి, కొర్లయ్యని మధ్యలో నిలబెట్టి, వధూవరులు ఓ పక్కకి జరిగి ఇంకో ఫోటో దిగారు. ఆ ఫోటో చూసినవాళ్లు ఇప్పటికీ కొర్లయ్యకే పెళ్లయిందనుకుంటారు. ఏదైతేనేం, జత మళ్లీ కలిసింది. మొదటి రోజు ఇద్దరూ, అడుగున ఎప్పుడో మునిగిపోయిన పాతబోటు చుట్టూ ఊరికే ఒక చుట్టు తిరిగొచ్చారు. చేపలు అలాగే ఉన్నాయి.

విధానానికి నూరు రోజులు నిండాయి. సంస్థ ‘బావమరిది దినోత్సవం’ తలపెట్టింది. పరంధామంగారు స్వయంగా మునిగి, తమ బావమరిది చిట్టిబాబుగారితో సముద్రగర్భంలో కరచాలనం చేస్తారని ప్రకటించారు. చిట్టిబాబుగారు బయటివారేం కాదు. సంస్థ సిలిండర్లలో గాలి నింపే కాంట్రాక్టు వారిదే. ఆ కాంట్రాక్టుకి మాత్రం బావమరిదిత్వ ధ్రువపత్రం ఎవరూ అడగలేదు. అక్కడ అది ముందునుంచీ అమల్లో ఉన్న ఆచారం.

బోటులో కొర్లయ్య సంచాలకుల సిలిండరు గేజీ చూశాడు. ముల్లు సగం దగ్గర ఉంది.

“బాబూ, ఇందులో గాలి సగమే ఉంది. మార్చాల.”

“చెయ్యి తియ్యి,” అన్నాడు భూషణరావు. “విహారి గేజీ పరిశీలించే అధికారం బావమరిదిది. చిట్టిబాబుగారూ, పరిశీలించారా?”

చిట్టిబాబు కెమెరా సరిచేసుకుంటున్నాడు. “మా కంపెనీ గాలండీ. చూడక్కర్లేదు.”

పరంధామంగారు ఫోనుని నీళ్లు దూరని సంచిలో పెట్టి మెళ్లో వేసుకున్నారు. పైనుంచి పిలుపొస్తే తియ్యకపోతే బాగుండదట. సముద్రం అడుగున ఆ పిలుపు ఎలా వస్తుందో, వస్తే నోట్లో గొట్టం పెట్టుకుని ఏమంటారో ఎవరూ అడగలేదు. నలుగురూ దిగారు. సంచాలకుల జత ముందు, కొర్లయ్య జత అయిదు బారల వెనక.

తొమ్మిది మీటర్ల దగ్గర, మునిగిన బోటు పక్కన, బావాబావమరుదుల కరచాలనం జరిగింది. చిట్టిబాబు దాన్ని నాలుగు కోణాల్లో తీశాడు. అయిదో కోణంలో ఉండగా పరంధామంగారికి గాలి అయిపోయింది. హడలిపోయి పీల్చేవాడికి సగం సిలిండరు ఎంతసేపు? ఆయన అరచేత్తో మెడ అడ్డంగా కోసినట్టు చూపించారు. గాలి లేదు అని సైగ. చిట్టిబాబు ఇంకొంచెం కుడికి జరగమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన మళ్లీ మెడ కోసి చూపించారు. అప్పటికి బావ కళ్లు మాస్కులోంచి బయటికి రావడం బావమరిదికి కనబడింది. బావ బతకాలని మనసారా కోరుకుని, కెమెరా పట్టుకుని, నిట్టనిలువునా పైకి పోయాడు.

పరంధామంగారు చుట్టూ చూశారు. అయిదు బారల దూరంలో ఇద్దరు మనుషులు, వాళ్ల వీపుల మీద నిండా గాలి. మధ్యలో ఆయన సంతకం చేసిన ఉత్తర్వు.

కొర్లయ్య మణికట్టుకి ప్లాస్టిక్ పలక కట్టి ఉంది. దాని మీద నిబంధన అచ్చయి ఉంది: ‘యథాస్థానమున నిలిచి చింతింపవచ్చును.’ దానయ్య వంక చూశాడు. దానయ్య అప్పటికే కదిలాడు. చింతించడం ఆ ఇద్దరికీ సరిగ్గా వచ్చిన విద్య కాదు. దానయ్య వెనకనుంచి భుజాలు పట్టుకున్నాడు. కొర్లయ్య పసుపు గొట్టం తీసి సంచాలకుల నోట్లో కుక్కి, కళ్లలోకి చూస్తూ, పీల్చు, వదులు అని చెయ్యి ఆడించాడు. కంగారులో ఊపిరి బిగబట్టి పైకి దూకితే గుండె పక్కన తిత్తి పగులుతుంది. అందుకని చంటిపిల్లాణ్ణి మెట్లు ఎక్కించినట్టు నెమ్మదిగా ఎక్కించారు. ఆ పెనుగులాటలో మెళ్లో ఫోను సంచి తెగి అడుక్కి పోయింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరైనా పిలిస్తే పీతలు తీస్తాయి.

బోటులో పడుకోబెట్టాక పరంధామంగారు తాగిన సముద్రమంతా కక్కి, “ఎవరు... నన్ను కాపాడింది ఎవరు?” అన్నారు.

భూషణరావు తల దించుకున్నాడు. “దురదృష్టవశాత్తూ మన సిబ్బందేనండి. ఎలాంటి ధ్రువపత్రమూ లేకుండా.”

మూడో రోజు విచారణ. పరంధామంగారు అధ్యక్షస్థానంలో శాలువా కప్పుకుని కూర్చున్నారు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. పక్కన భూషణరావు ప్రశ్నలు వేస్తూ జవాబులు రాసుకుంటున్నాడు. ఎదురుగా కొర్లయ్య, దానయ్య. నేరం రుజువైతే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఇంక ఏ బోటులోనూ ఆ సిలిండర్లు ముట్టుకోనివ్వరు.

“తొమ్మిది మీటర్ల లోతున, ఎట్టి బంధుత్వమూ లేని ఉన్నతాధికారి నోట్లో గొట్టం పెట్టినట్లు నీమీద అభియోగం. పెట్టావా?”

“పెట్టినాను బాబూ.”

“ఏ హోదాలో?”

“ఆయనకి గాలి నేదు. నా దగ్గరుంది.”

“అది కారణం. నేను హోదా అడుగుతున్నాను. నువ్వు ఆయనకి ఏమవుతావు?”

కొర్లయ్య పరంధామంగారి వైపు తిరిగాడు. “ఆ వేళ నాను సెప్పిన కథ సగంలో ఆగిపోయింది బాబూ. రెండో సగం సెప్పీమంటారా?”

పరంధామంగారు తల ఊపారు. మోగడానికి ఈసారి ఫోను లేదు.

“నా పెళ్లయిన కొత్తల్లో వల రాయికి పడింది. ములిగినాను. తాడు మా సింహాచలం సేతిలో ఉంది. సొంత బామ్మర్ది. అడుక్కెళ్లి కోస్తంటే నా కాలు వల్లో ఇరుక్కుపోయింది. మూడుసార్లు గుంజినాను. ఎవుడూ లాగనేదు. మళ్లీ గుంజినాను. ఆడేటి సేసినాడో తెల్సా? తాడు తెప్ప కర్రకి ముడేసీసి, గాలికి వీపెట్టి కూకుని సుట్ట ఎలిగించుకుంటన్నాడు. పక్క తెప్ప మీద ఈ దానిగాడున్నాడు. అప్పటికి వాళ్లకీ మాకూ మాటల్నేవు, వలల కాడ కొట్లాట. ఈడు ఆ తాడుకేసి సూస్తన్నాడు. ఊరికే సూస్తన్నాడు. అది గుంజుకోడం సూసినాడు. దూకినాడు. అంతే బాబూ. ఈడు నాకేటీ అవడు. తాడుకేసి సూస్తన్నాడు, అంతే.”

గదిలో కలం చప్పుడు ఆగింది. పరంధామంగారు శాలువా కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

“ఈ సగం ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా?”

“మీకు ఫోనొచ్చింది బాబూ.”

పరంధామంగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి సముద్రాన్ని చూశారు. ఆ చూపు కాస్త మారినట్టే ఉంది. “భూషణరావ్, వీళ్ల మీద చర్యలు ఎత్తెయ్యి. ఆ ఉత్తర్వు రద్దు. ఇంత పొరపాటు ఎలా జరిగింది! కొత్తది రాసుకో,” అన్నారు.

కొర్లయ్య, దానయ్య ఇంటికెళ్లి ఆ రాత్రి నిశ్చింతగా కూర తిన్నారు. ఉప్పు ఎక్కువైందని దానయ్య అన్నాడు.

పొద్దున్నే కొత్త ఉత్తర్వు గోడెక్కింది.

‘బావమరిది విధానము రద్దు పరచడమైనది. బావమరుదులు నీటి అడుగున మిక్కిలి అపాయకరులని అనుభవపూర్వకముగా రుజువైనది. కావున ఇకమీదట వివాహ సంబంధమైన ఏ బంధుత్వము గలవారును జతగా మునగరాదు. జతగా మునుగువారు తాము ఒకరికొకరు ఏమియు కానట్లు తహసీల్దారు నుండి ధ్రువపత్రము పొందవలెను.’

కింద జతల జాబితా. కొర్లయ్యకి చిట్టిబాబుగారు. ఆయన కాంట్రాక్టులో ఉంటూనే సలహాదారుగా చేరారు. ఆ ఇద్దరికీ ఎలాంటి సంబంధమూ లేదని తహసీల్దారు అప్పటికే ధ్రువీకరించాడు. దానయ్య పేరు ఎదురుగా: ‘బావ అయినందున ఖాళీ’.

గంట తిరక్కుండా పోలమ్మ ఆఫీసుకొచ్చింది. గంప భూషణరావు బల్లమీద దించింది.

“బాబూ, సర్కులరు రద్దయిందంట. మొగుడు కూడా రద్దేనా?”

భూషణరావు ముక్కు మూసుకుని పుటలు తిరగేశాడు. “పాత ఉత్తర్వు అమల్లో ఉన్న కాలంలో జరిగిన వివాహాలు చెల్లుతాయమ్మా. వాటిపై సంస్థకి అభ్యంతరం లేదు. అయితే జత పునరుద్ధరణ కావాలంటే విడాకుల పత్రం మూడు నకళ్లు జతపరచి...”

“మూడెందుకు? నాకున్నది ఒక్క మొగుడే గదా.”

“అది నమూనా అమ్మా.”

“ఆ నమూనా నువ్వెట్టుకో, నా మొగుణ్ణి నానెట్టుకుంటాను,” అని గంప ఎత్తుకుంది. బల్లమీద రెండు ఎండు కవళ్లు మిగిలిపోయాయి. వాటిని ఏ రిజిస్టరులో ఎక్కించాలో తెలియక భూషణరావు సాయంత్రం దాకా చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు కొర్లయ్య నీలం చొక్కా ఉతికి, మడిచి, సంస్థ గుమ్మం ముందు పెట్టి వచ్చేశాడు. దాని మీద దానయ్యది. సిలిండర్లు సంస్థవి, ఊపిరితిత్తులు వాళ్లవి. వలలు రాళ్లకి పడటం ఉత్తర్వులు వచ్చినా మానలేదు.

వారం తిరిగాక ఒక ఉదయం రాతిదిబ్బల దగ్గర ఎవరిదో వల చిక్కుకుంది. కొర్లయ్యా దానయ్యా నడుములకి తాళ్లు కట్టుకుని మునిగారు. తెప్ప మీద పోలమ్మ నిలబడి ఉంది, కుడిచేతిలో అన్న తాడు, ఎడంచేతిలో మొగుడి తాడు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, కాళ్లు వెడల్పుగా పెట్టి, కళ్లు రెండు తాళ్ల మీదే పెట్టింది.

సంస్థ మరబోటు వచ్చి తెప్ప పక్కన ఆగింది. అందులో భూషణరావు, ఒళ్లో ఫారాల కట్ట. “ఇది సంస్థ పరిధిలోని జలం. అనుమతి లేని మునక. ఏమ్మా, లోపల ఉన్నవాళ్లకి నువ్వు ఏమవుతావు?”

పోలమ్మ తల ఎత్తలేదు. “తాడట్టుకున్నదాన్ని.”

“అది కాదమ్మా, బంధుత్వం. ఫారంలో గడి ఉంది.”

“గమ్మునుండు బాబూ.”

“అక్కా? చెల్లా? భార్యా? ఇద్దరికీ ఒకే గడిలో రాయడానికి...”

కుడి తాడు గుంజుకుంది. ఒకటి. రెండు. మూడు. ఊపిరి తియ్యకముందే ఎడమ తాడు కూడా. ఒకటి, రెండు, మూడు. ఇద్దరూ ఒక్కసారే. రెండు చేతులకి ఇద్దరు మగాళ్లు, ఏది ముందు లాగినా రెండోది ఆలస్యం.

“ఒరే బాబూ! ఆ కలం అవతల పారేసి ఇది అందుకో!” అని అన్న తాడు అతని ఒళ్లోకి విసిరింది.

భూషణరావు ఆ తాడు వంక చూశాడు. తనకి ఆ తాడుతో ఏ సంబంధమూ లేదు. ఏ పత్రమూ లేదు. తాడు ఒళ్లో ఇంకోసారి గుంజుకుంది, బతికున్న దానిలాగ. ఫారాల కట్ట ఒళ్లోంచి జారి నీళ్లలో పడింది. భూషణరావు లేచి నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎవరినీ ఏమీ అడగకుండా చేసిన మొదటి పని అదే. లాగాడు. అరచేతులు కోసుకుపోతున్నా లాగాడు. పక్కన తెప్ప మీద పోలమ్మ తన కొస లాగుతూ, “బేగి, బేగి!” అని అరుస్తోంది.

అటు దానయ్య తల తేలింది. ఇటు కొర్లయ్య తల తేలింది. కొర్లయ్య బోటు అంచు పట్టుకుని, ఉప్పునీళ్లు ఉమ్మి, కళ్లు తుడుచుకుని, తన నడుం దగ్గర తాడు పట్టుకున్నాడు. దాని వెంట చూపు నెమ్మదిగా పైకి పోనిచ్చాడు. తాడు కొసన ఎర్రబడ్డ అరచేతులు, తడిసిన ప్యాంటు, జారిన కళ్లజోడు.

“బాబూ,” అన్నాడు కొర్లయ్య రొప్పుతూ. “మీరు నాకు ఏటవుతారు?”